ఆయన కువైట్ నుంచి పంపిన యాంప్ నాకు నచ్చలేదు... చెప్పాలా, వద్దా?

రాజోలు వైపు ఒక ఊరి నుంచి ఒక చెల్లెలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వయసు 31. ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇంటర్ చదివే రోజుల నుంచి ఆదివారం చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్నారు. భర్త కువైట్‌లో ఏసీ మెకానిక్. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తారు. ఇంట్లో అత్తయ్యగారు, మావయ్యగారు, ఐదేళ్ళ బాబు ఉంటారు.

కిందటిసారి సెలవులో, ఆవిడ ఫోన్లో ఒక గిటారు వీడియో వింటుంటే ఆయన పక్కన కూర్చుని, "ఈ సౌండు నీ గిటారుకి ఎందుకు రాదు?" అని అడిగారట. "అది వాల్వ్ యాంపండీ, మన వల్ల కాదులెండి" అని ఈవిడ నవ్వేశారు. యాంప్ అంటే గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె. వాల్వ్ యాంపులో ఆ పని గాజు బుడ్లు చేస్తాయి. ఆయనా ఊరుకున్నారు. రెండు నెలల కిందట కార్గోలో ఒక పెద్ద అట్టపెట్టె దిగింది. 15 వాట్ల వాల్వ్ యాంప్, 12 అంగుళాల స్పీకరు. తీయడం మరిచిపోయిన బిల్లు పెట్టెలోనే ఉంది. లెక్క వేస్తే ఆయన నెలన్నర జీతం.

"చేతులు వణుకుతూ స్విచ్చి వేశాను. గాజు బుడ్లు ఎర్రబడేదాకా చూసి ఒక్క తీగ మీటాను. దుప్పటి ముసుగులోంచి ఎవరో మాట్లాడినట్టు వచ్చింది. వెనకాల జుయ్‌మని ఒకటే మోత. నాబ్ ఒకటి మీద ఉంటే ప్రాణం లేదు, రెండు దాటిస్తే వసారాలోంచి మావయ్యగారి కేక. కాలిన వాసన. చర్చికి తీసుకెళ్తే సౌండు చూసే అబ్బాయి తగ్గించమన్నాడు, పాడుతుంటే మైకు పెదవికి తగిలి చురుక్కుమంది కూడా. పది వాట్ల నా పాత యాంపే నయం అనిపించింది" అని రాశారు. ప్రతి శుక్రవారం ఆయనకి సెలవు. వీడియో కాల్ చేసి "వాయించు" అంటారు. ఫోన్లో ఆయనకు గరగరమని వినిపిస్తుంది. "బాగుందా?" అంటే ఈవిడ "చాలా బాగుంది" అంటారు. ఆ డబ్బుతో వంటింటికి శ్లాబు పడేదని అత్తయ్యగారి బాధ. అమ్మేసి, యాంపుల శబ్దాన్ని చిప్పుతో పలికించే డిజిటల్ పెడల్ కొనుక్కోమని తమ్ముడి సలహా. "నిజం చెబితే ఆయన మనసు విరుగుతుంది, చెప్పకపోతే వారం వారం అబద్ధం. ఏం చేయను?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి ఒకటుంది. మైకు పెదవికి తగిలి చురుక్కుమందన్నారు. ఆరు పేజీల్లో నాకు భయం వేసింది అక్కడే. ముందు దాని సంగతి చూద్దాం. అది తేలేదాకా ఆ యాంప్ ఆన్ చేయకండి.

మీరు పంపిన ఫొటోలో యాంప్ వెనక గోడ మీద స్విచ్చి బోర్డు కూడా పడింది. కువైట్ ప్లగ్గుకి పలకల్లాంటి పిన్నులు మూడు ఉంటాయి. మన సాకెట్లో దూరదు. అందుకని సెల్‌ఫోన్ ఛార్జర్లకు వాడే తెల్ల అడాప్టర్ ఒకటి మధ్యలో పెట్టారు. దానికి రెండే పిన్నులు. అంటే ఎర్త్ తీగ అక్కడితో ఆగిపోయింది. యాంప్ లోపలి ఇనుప చట్రం, గిటారులో కేబుల్ గుచ్చే జాక్, కేబుల్ లోపలి అల్లిక తీగ, గిటారు తీగలు ఆనే బ్రిడ్జి, మీరు పట్టుకున్న తీగలు, ఇవన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. ఎర్త్ ఉంటే లోపల లీకైన కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే తీగల మీదే కాచుకుని ఉంటుంది. చర్చి మైకు, మైకులన్నిటినీ కలిపే సౌండు మిక్సర్ ద్వారా ఎర్త్ అయి ఉంది. ఎడమ చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద ఉంటే మధ్యలో దారి మీరే. ఈసారి చురుక్కుమని సరిపోయింది. చెమట పట్టిన చేతులతోనో, వాన తడి ఉన్న నేల మీద వట్టి కాళ్ళతోనో ఉంటే అంతటితో పోదు.

మందు చాలా తేలిక. యాంప్ వెనక వైరు దూర్చే చోటు చూడండి. ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటర్‌కి ఉండేలాంటి సాకెట్టే అయితే, కంప్యూటర్ షాపులో మన గుండ్రటి మూడు పిన్నుల పవర్ కేబుల్ అడిగి తెచ్చుకుంటే చాలు. పాత ప్లగ్గు కోయనక్కర్లేదు. పక్కనే వోల్టేజీ రాసి ఉంటుంది, అదీ చదవండి. కువైట్‌లో 240, మనకు 230, రెండు చోట్లా 50 హెర్ట్జ్, కాబట్టి 230 అనో 240 అనో ఉంటే బెంగ లేదు. ఇంకొక పని మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చేయించాలి. పాత ఇళ్ళలో సాకెట్‌కి పైన పెద్ద రంధ్రం ఉన్నా దాని వెనక తీగే ఉండదు. మీటరు పెట్టి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో చూపిస్తుందో లేదో చూడమనండి. చూపించకపోతే ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ గొయ్యి తీయించండి. చర్చి బోర్డుకీ ఇదే పరీక్ష పెట్టించండి. అక్కడ మీరొక్కరే కాదు, పిల్లలు కూడా మైకులు పట్టుకుంటారు.

జుయ్ మోతలో చాలా భాగం దీంతోనే పోతుందని నా నమ్మకం. ఇంకా మిగిలితే గిటారు మీద వాల్యూమ్ సున్నాకి తిప్పండి. మోత ఆగిందంటే అది యాంప్‌ది కాదు, తీగల కదలికని కరెంటుగా మార్చే గిటారు పికప్‌ది. మీ గిటారులో ఉన్నవి సింగిల్ కాయిల్, అంటే ఒకే తీగచుట్ట ఉన్న పికప్పులు. ట్యూబ్‌లైటు, ఛార్జరు దగ్గరుంటే వాటి గోల కూడా లాక్కుంటాయి. కూర్చున్న చోటే కొంచెం పక్కకి తిరగండి, ఒక మూల మోత సగం తగ్గుతుంది. ఆ మూల గుర్తుపెట్టుకోండి.

ఇక శబ్దం మాట. మా నాన్నగారికి తణుకులో రేడియో రిపేరు షాపు ఉండేది. నేను ఫ్రాకుల వయసులో ఉండగా ఇంకా వాల్వ్ రేడియోలు రిపేరుకి వచ్చేవి. స్విచ్చి వేయగానే పలకవు. వెనక అట్టకున్న చిల్లుల్లోంచి చూస్తే బుడ్డి అడుగున సన్నని తీగ ముందు ముదురు ఎరుపు, తర్వాత నారింజ రంగు తిరిగేది. అప్పుడు ఎక్కడో దూరం నుంచి నడిచి వస్తున్నట్టు విజయవాడ కేంద్రం గొంతు వచ్చేది. "బుడ్డి వేడెక్కకుండా దాని గుణం చెప్పకూడదమ్మా" అనేవారు నాన్న. మీ యాంప్‌లో పొడుగ్గా ఉన్న రెండు బుడ్లు ఈఎల్84లు, పొట్టివి 12ఏఎక్స్7లు. కరెంటిచ్చిన అర నిమిషానికే శబ్దం వస్తుంది కానీ, ఓ పావుగంట ఆగి వాయించి చూడండి. నాకైతే ఆ తేడా తెలుస్తుంది.

అయితే మీకు ప్రాణం లేనట్టు వినిపించడానికి అసలు కారణం వేడి కాదు. 1947లో ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియోల్లోంచి, టీవీల్లోంచి వాల్వులు నెమ్మదిగా పోయాయి. గిటారు యాంపుల్లో మాత్రం ఉండిపోయాయి. ఎందుకంటే వాల్వ్‌ని దాని శక్తి అంచు దాకా తోస్తే శబ్దం ఠక్కున విరగదు, మెల్లగా ఒరుసుకుంటుంది. మెత్తగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే బొంగురుగా పలుకుతుంది. ఆ రెండిటి మధ్య తేడా మీ వేలి చివర ఉంటుంది. మీరు ఫోన్లో విని ముచ్చటపడిందీ అదే. నాబ్ ఒకటి మీద ఆ వాల్వులు నిద్ర కూడా లేవవు. మీవారు నెలన్నర జీతం పోసి కొన్న శబ్దాన్ని మీరు ఇంతవరకూ వినలేదు. విన్నది మీ పడకగదిని, రాత్రి పూటని, మావయ్యగారు లేస్తారేమోనన్న మీ భయాన్ని.

దీనికి తోడు మన చెవి కూడా ఒకటి చేస్తుంది. శబ్దం తగ్గేకొద్దీ మధ్య స్వరాల కంటే మంద్రం, తారం చెవికి ఎక్కువగా తగ్గిపోయినట్టు ఉంటాయి. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. మీ దుప్పటి ముసుగు అదే. వాట్ల లెక్క కూడా మనం అనుకున్నట్టు ఉండదు. చెవికి రెండింతలు అనిపించాలంటే వాట్లు ఇంచుమించు పదింతలు కావాలి. పదికీ పదిహేనుకీ తేడా చెవికి పట్టీ పట్టనంత. మీ పాత యాంప్ కంటే ఇది ఇంత గట్టిగా ఉందంటే కారణం ఆ 12 అంగుళాల స్పీకరు. గిటారు స్పీకర్లు ఒక్క వాట్‌కే ఇల్లంతా నింపుతాయి. కాబట్టి "15 బదులు 5 వాట్లది కొనాల్సింది" అని ఎవరైనా అంటే ఆ మాట పట్టుకుని బాధపడకండి. ఆ గదిలో అదీ గట్టిగానే ఉండేది.

కాబట్టి తీర్పు చెప్పేముందు ఒక్కసారి దాన్ని దాని గొంతుతో మాట్లాడనివ్వండి. శనివారం మధ్యాహ్నం చర్చి ఖాళీగా ఉంటుంది కదా, పాస్టరుగారిని అడిగి ఓ గంట తీసుకోండి. యాంప్‌ని నేల మీద పెట్టకండి, కుర్చీ మీద పెట్టండి. స్పీకరులో పైస్థాయి శబ్దం టార్చిలైటు వెలుగులా తిన్నగా వెళ్తుంది. నేల మీద ఉంటే ఆ వెలుగు మీ మోకాళ్ళకి తగులుతుంది, చెవికి మిగిలేది మసక. అలాగని సరిగ్గా ఎదురుగా నిలబడితే గుచ్చుతుంది. కాస్త పక్కకి, ఆరేడు అడుగుల దూరంలో నిలబడండి. వాల్యూమ్ నాలుగు దాకా తీసుకెళ్ళి, గిటారు మీది నాబ్‌తో తగ్గిస్తూ పెంచుతూ వాయించండి. అప్పుడు కూడా నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. ఆ మాటకి విలువ ఉంటుంది. కొత్త స్పీకరు కాగితం కోన్ మొదట్లో బిగుసుకుని ఉంటుంది, కొన్ని గంటలు వాయించాక కొంత వదులవుతుంది. అది కూడా మనసులో పెట్టుకోండి.

పగలే ఎందుకు అన్నానంటే, మీ చుట్టుపక్కల చెరువులున్నాయని రాశారు. రాత్రిళ్ళు రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్లు అన్నీ ఒకేసారి తిరుగుతుంటే లైను మీద వోల్టేజీ పడిపోతుంది. వాల్వ్ లోపలి హీటరుకి 6.3 వోల్టులు అందాలి. ఇంటికి 190 వస్తే దానికి 5.2 మాత్రమే అందుతుంది. అన్నం సగం ఉడికినట్టే. మీరు రోజూ రాత్రి తొమ్మిది తర్వాతే వాయించారు. మంచి స్టెబిలైజర్ ఒకటి పెట్టుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ సైన్ వేవ్ ది కాకపోతే కరెంటు పోయినప్పుడు దాని మీద యాంప్ నడపవద్దు, గోల చేస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. గుడారాల కూటాల్లో జనరేటరు మీద అసలే వద్దు.

కాలిన వాసన మొదటి కొన్ని గంటలు మామూలే. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మీది వార్నిష్, బుడ్ల మీది దుమ్ము వేడికి వాసన వేస్తాయి. లోపల నారింజ వెలుగూ మామూలే, గాజు లోపల నీలిరంగు కనిపించినా ఫరవాలేదు. పొగ వచ్చినా, బుడ్డి లోపలి బూడిదరంగు రేకు ఎర్రగా కాలినా వెంటనే ఆపేయండి. స్పీకరు వైరు ఊడదీసి ఎప్పుడూ ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. లోపల మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకండి. ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. వరదల నెలల్లో దాన్ని నేల మీద ఉంచకండి, లంక ఊళ్ళ సంగతి మీకు నేను చెప్పేదేముంది.

మీ తమ్ముడు అన్నదాన్ని నేను కొట్టిపారేయను. డిజిటల్ పెడల్‌కి హెడ్‌ఫోన్ పెట్టుకుని అర్ధరాత్రి కూడా వాయించుకోవచ్చు. బాబు నిద్ర చెడదు. ఈ రోజుల్లో వాటి శబ్దం బాగానే ఉంటోంది, మీ జీవితంలో ఖాళీ దొరికే వేళలకి అదే సరిపోవచ్చు కూడా. కానీ యాంప్ అమ్మడం అంత తేలిక కాదు. బయట దేశంలో కొన్నది, ఇక్కడ వారంటీ చెల్లదు. కోనసీమలో దీన్ని అడిగేవాళ్ళు తక్కువ, హైదరాబాదు దాకా పంపాలి, నష్టానికే పోతుంది. పైగా ఒకసారి అమ్మాక మళ్ళీ కొంటారా? అందుకే నన్నడిగితే అమ్మకం సంగతి క్రిస్మస్ దాటాక ఆలోచించండి. ఈలోగా రాత్రిళ్ళు పాత చిన్న యాంప్, వారానికి రెండు పగళ్ళు ఇది. చర్చిలో దాన్ని జనం వైపు తిప్పకుండా పక్కగోడ వైపు తిప్పి, ముందు ఒక మైకు పెట్టి మిక్సరులోంచి రానివ్వమనండి. అప్పుడు ఎంత కావాలో సౌండు అబ్బాయి చేతిలో ఉంటుంది, మీతో పేచీ ఉండదు. అయినా మీకు నలుగురిలో గొడవగా ఉందీ అంటే, ఆ చర్చికి ఆ యాంప్ పెద్దదే అని ఒప్పుకుని అమ్మేయడంలో తప్పు లేదు.

అత్తయ్యగారి మాట మీకు ముల్లులా తగిలిందని రాశారు. ఆవిడ శబ్దాన్ని తిట్టడం లేదమ్మా. ఆ వేడిలో మేడల మీద ఏసీలు మోసే కొడుకు చెమట అది, దాన్ని చూస్తే ఆవిడకి శ్లాబు గుర్తొస్తుంది. వాదించకండి. మావయ్యగారు కొబ్బరి దింపుకి వెళ్ళిన పూట ఆవిడని పక్కన కూర్చోబెట్టి, ఆవిడకి ఇష్టమైన కీర్తన ఒకటి మెత్తగా వాయించండి. ఒప్పుకుంటారని చెప్పలేను. కానీ ఇంతవరకూ ఆవిడ విన్నది గోడ అవతలి నుంచి మోత ఒక్కటే.

యాంప్ అంటే గట్టిగా వినిపించే పెట్టె అని వాళ్ళు అనుకోవడం సహజం. ఎలక్ట్రిక్ గిటారులో సగం గిటారు ఆ పెట్టెలోనే ఉంటుంది. మనకి ఇది కొత్త కాదు. 1969లో మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండలిన్ మీద వాయించారు. మామూలు మాండలిన్ మీద స్వరం పుట్టినంత త్వరగా ఆరిపోతుంది, గమకానికి నిలవదు. కరెంటు తోడైతేనే ఆ స్వరం సాగింది. మీ యాంప్ మీ గిటారుకి చేయాల్సిందీ ఆ పనే.

ఇప్పుడు మీవారికి చెప్పే సంగతి. ఇవాళే ఫోన్ చేసి "నచ్చలేదండీ" అంటే అబద్ధాల బరువు దిగుతుంది, నిజమే. కానీ ఆ మాట రెండు పిన్నుల అడాప్టర్ చెప్పించిన మాట అవుతుంది, రేపు ఎర్త్ సరిచేశాక మీరే వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. ఈలోగా ఆయన అక్కడ గదిలో ఒంటరిగా ఆ మాటతో పడుకుంటారు. పోనీ ఎప్పటికీ చెప్పకుండా ఉందామంటే, ఆయన ఇంకో సెలవుకి ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుని వింటారు. మీ చేతులు చెప్పేస్తాయి. రెండేళ్ళ పాటు శుక్రవారం అంటే భయపడ్డారని అప్పుడు తెలిస్తే, యాంప్ నచ్చనందుకు కాదు, తనతో చెప్పుకోలేకపోయినందుకు ఆయన బాధపడతారు.

ఫోన్లో గరగర వినిపిస్తోందన్నది కూడా మీ తప్పు కాదు, యాంప్ తప్పూ కాదు. కాల్ యాప్‌లు మనిషి గొంతుని ఉంచి, ఆగకుండా సాగే శబ్దాన్ని రొద అనుకుని కోసేస్తాయి. గిటారు సాగదీసిన ప్రతి స్వరాన్నీ అది తుంచుతుంది. కాల్‌లో వాయించడం మానేయండి. చర్చిలో వాయించేటప్పుడు ఫోన్‌ని పది అడుగుల దూరంలో బల్ల మీద పెట్టి వీడియో తీసి, దాన్ని ఫైల్‌గా పంపండి. ఆయనని ఇయర్‌ఫోన్‌తో వినమనండి.

ఉత్తరం చదువుతున్నంతసేపూ ఒక సంగతి నాకు మళ్ళీ మళ్ళీ తట్టింది. మీవారు ఏసీ మెకానిక్. ఎర్తింగ్, లీకేజీ, కెపాసిటరు నిలవ కరెంటు, ఇవి ఆయన రోజూ చేత్తో పట్టుకునే పనులు. నేను ఇంతసేపు రాసింది ఆయన రెండు నిమిషాల్లో కనిపెడతారు. ఆయనకి సంగీతం తెలియదు, ఆయన్ని నొప్పించకూడదు అని మీరు దాచిన సంగతి ఆయనకి మీ అందరికంటే బాగా తెలిసినది. మీరు వాయించడం, ఆయన మెచ్చుకోవడం తప్ప ఈ యాంప్ విషయంలో ఆయనకి ఇంకో పని ఇవ్వలేదు మీరు.

వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటికి, అంటే అక్కడ రెండున్నరకి, మీరే కాల్ చేయండి. గిటారు చేతిలోకి తీసుకోకండి. కెమెరా స్విచ్చి బోర్డు వైపు తిప్పి ఆ తెల్ల అడాప్టర్ చూపించండి. "చర్చిలో మైకు తగిలితే షాక్ కొట్టిందండీ, శబ్దం కూడా నేననుకున్నట్టు లేదు, మీకు చెప్పడానికి మనసొప్పక బాగుందన్నాను. ఇది సరిగ్గానే పెట్టానా?" అని అడగండి. ఎలక్ట్రీషియన్‌ని కూడా అదే టైముకి రమ్మనండి. ఏ తీగ ఎక్కడ చూడాలో ఆయన అక్కడి నుంచి చెబుతారు, ఇక్కడ ఇతను మీటరు పెడతాడు. మర్నాడు శనివారం, చర్చి ఎలాగూ ఖాళీ. కొత్త కేబుల్ పెట్టి, అక్కడి బోర్డుకీ మీటరు పెట్టించాకే ఆన్ చేయండి. అక్కడ వాయించాక ఏమనిపించిందో ఆయనకి చెప్పండి, వీలైతే నాకూ రాయండి.